పన్నెండు మీద ఒకటి

ఒకటో తరగతి చదివే ఒక సవర పిల్ల నోటుపుస్తకం నా ముందుంది. వాళ్ల నాన్న నాకు తమ్ముడి వరస. సీతంపేట కొండల నుంచి దిగొచ్చి విశాఖపట్నం ఆటోనగర్‌లో ఒక ఫాబ్రికేషన్ షెడ్డులో హెల్పర్‌గా చేస్తున్నాడు. పిల్ల ఐదేళ్లు నిండేవరకూ కొండమీద నాయనమ్మ దగ్గరే పెరిగింది. బడి కోసం కిందటి జూన్‌లో తీసుకొచ్చారు.

నోటుపుస్తకంలో ఒకచోట సీసా మూతల బొమ్మలు వరసగా గీసి ఉన్నాయి. లెక్కపెట్టి పక్కన రాయాలి. పదమూడు మూతలకు ఎదురుగా ఈ పిల్ల 121 అని రాసింది. పద్నాలుగింటికి 122. పదిహేనింటికి 123. మూడింటి మీదా ఎర్ర సిరాతో అడ్డగీత ఉంది. కింద, "లెక్కపెట్టడం రాదు. ఇంట్లో నేర్పించండి" అని రాసి ఉంది.

ఇంట్లో నేర్పించబట్టే ఆ పిల్ల అలా రాసింది. ఈ సంగతి బడికి చెప్పడానికి మా తమ్ముడికి మాట చాలలేదు, నన్ను వెంటబెట్టుకు వెళ్లాడు.

టీచర్ మంచి మనిషే. ఒక్క గదిలో రెండు తరగతులు కూర్చోబెట్టుకుని చెబుతున్నారు. "మీ అమ్మాయి నెమ్మదస్తురాలండీ, కానీ లెక్కల్లో అసలు పునాది లేదు. పదమూడు మూతలకి నూట ఇరవై ఒకటి వేసింది చూడండి" అన్నారు. మా తమ్ముడు చేతులు కట్టుకుని, "ఇంటికాడ బాగానే లెక్కెడతాది మేడమ్" అన్నాడు. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. పిల్లల గురించి తల్లిదండ్రులు అలాగే చెబుతారని ఆవిడకు తెలుసు.

నేను పిల్లను పిలిచి, బల్లమీద మూతలు పోసి, మన మాటలో లెక్కపెట్టమన్నాను. వేలితో ఒక్కో మూతను పక్కకు జరుపుతూ లెక్కపెట్టింది. పన్నెండు దగ్గర మిగ్గెల్ అంది. తర్వాతి మూత జరిపి మిగ్గెల్‌బొయ్ అంది. అంటే పన్నెండూ ఒకటీ. ఆపైన పన్నెండూ రెండు, పన్నెండూ మూడు. ఒక్క మూత తప్పలేదు, ఒక్కటి రెండుసార్లు లెక్కలోకి రాలేదు. నోటితో అన్నదాన్నే పుస్తకంలో రాసింది. ముందు 12, దాని పక్కన 1. అదీ ఆ 121.

సవరలం కాని చదువరులకు మా లెక్క కాస్త విప్పి చెప్పాలి. మా భాషలో ఒకటి నుంచి పన్నెండు వరకు దేని పేరు దానికుంది. పదమూడు నుంచి పన్నెండు మీద కలుపుకుంటూ పోతాం. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడు. అక్కడితో ఆ వరస ఆగుతుంది. ఇరవైకి బొకోడి అని వేరే మాట ఉంది. ఒక కోడి అని అర్థం. ఇక్కడ కోడి అంటే పెట్టా పుంజూ కాదు, ఇరవై. ఆపైన ఇరవైల్లో ఎక్కుతాం. ముప్పై మూడు అనాలంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. తొంభై తొమ్మిది అనాలంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఏడు. వందంటే ఐదు ఇరవైలు. పలుకు ఊరిని బట్టి కొంచెం మారుతుంది, కట్టుబడి మారదు. పన్నెండునూ ఇరవైనూ కలిపి నడిపే లెక్క ప్రపంచంలో అరుదు కాబట్టి భాషాశాస్త్రవేత్తలు దీన్ని ఆసక్తిగా చదువుతారు. వాళ్లు ఆసక్తిగా చదివే లెక్క మా పిల్లకు బళ్లో ఎర్రగీత తెచ్చిపెట్టింది.

ఈ పేజీ ఒక్కటే అయితే నేను ఇంత రాయకపోదును. టీచర్ బల్లమీద మిగతా పిల్లల పుస్తకాలు కూడా ఉన్నాయి, అడిగి చూశాను. ఇద్దరు తెలుగు పిల్లలు ఇరవై ఒకటిని 201 అని రాశారు. ఒకడు ముప్పై రెండుకి 302 వేశాడు. చెవికి ఇరవై వినపడింది, 20 రాశాడు. ఒకటి వినపడింది, పక్కన 1 పెట్టాడు. నూట ఐదును 1005 అని రాసే పిల్లల్ని ప్రతి బళ్లోనూ చూస్తాం. తెలుగుదేశంలోనే కాదు, అన్ని దేశాల్లోనూ చిన్నపిల్లలు ఈ దశ దాటే పైకి వెళతారు. ఆ పుస్తకాల్లో తప్పుల పక్కన టీచర్ ఓపిగ్గా 21 అనీ, 32 అనీ సరిచేసి రాశారు. ఎక్కడా "లెక్కపెట్టడం రాదు" అని లేదు.

తెలుగు పిల్లవాడి 201, మా పిల్ల 121 ఒకే జాతి తప్పులు. రెండింటిలోనూ విన్న మాటను విన్నట్టు రాయడమే ఉంది. రెండింటిలోనూ కలపాలన్న తెలివి ఉంది, కలిపినప్పుడు అంకెల చోటు మారుతుందన్న సంగతి ఇంకా అందలేదు. తెలుగు పిల్లవాడి తప్పు వెనక ఉన్న మాట టీచర్ చెవికి వినిపిస్తుంది కాబట్టి అది చిన్న పొరపాటు అయింది. మా పిల్ల తప్పు వెనక ఉన్న మాట వినిపించదు కాబట్టి అది పునాది లేకపోవడం అయింది. నా ఫిర్యాదు ఈ తేడా మీదే. ఆ టీచర్ మీద కాదు.

పునాది అనే మాటనే చూద్దాం. చిన్నపిల్లలు లెక్కపెట్టడం మీద అమెరికాలో రోషెల్ గెల్‌మన్, రాండీ గాలిస్టెల్ అనే ఇద్దరు 1978లో ఒక పుస్తకం రాశారు. లెక్కపెట్టడం వచ్చిందని చెప్పాలంటే ఏమేం ఉండాలో అందులో ఐదు సంగతులు చెప్పారు. ఒక్కో వస్తువుకి ఒక్కో మాటే అనాలి. మాటల వరస ఎప్పుడూ ఒకేలా ఉండాలి. చివర అన్న మాటే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియాలి. మూతలైనా మనుషులైనా దేన్నైనా అలాగే లెక్కపెట్టవచ్చని తెలియాలి. ఎటునుంచి మొదలెట్టినా మొత్తం మారదని తెలియాలి. ఈ ఐదింటిలో అంకెలు రాయడం లేదు. పదుల్లో లెక్కపెట్టాలనీ లేదు. మూతలు కలిపేసి, మధ్యలోంచి మొదలెట్టి మళ్లీ లెక్కపెట్టమంటే మా పిల్ల ఆ పని చేయకుండానే, "అవే కదా, మిగ్గెల్‌బొయ్యే" అంది. చివరిదీ కష్టమైనదీ అయిన సంగతి కూడా దానికి తెలుసు. అదే గదిలో వందదాకా గుక్కతిప్పుకోకుండా వల్లించే పిల్లవాడొకడు పదకొండు మూతలు లెక్కపెట్టమంటే నోరు చేతికంటే ముందు పరుగెత్తి పదిహేను దగ్గర ఆగాడు. వాడికి ఎర్రగీత పడలేదు.

ఇక్కడ ఆటోనగర్ సంగతి చెప్పకపోతే ఈ మాట సగమే అవుతుంది. ఆటోనగర్ అంటే గాజువాకను ఆనుకున్న షెడ్ల ఊరు. లారీ బాడీలు, లేత్ మిషన్లు, వెల్డింగ్, పాత ఇనుము, స్టీల్‌ప్లాంటుకీ పోర్టుకీ పనిచేసిపెట్టే చిన్నాపెద్దా కంపెనీలు. అక్కడ పిల్లల చుట్టూ ఉన్నన్ని అంకెలు ఏ ఒకటో తరగతి గోడమీదా ఉండవు. కానీ అవి పదుల్లో మాత్రమే నడవవు.

పానాల పెట్టె చూడండి. రెండు తలల పానాలు జతలుగా వస్తాయి. 6-7, 8-9, 10-11, 12-13, 14-15. మా పిల్లకు 12 అనే గుర్తు తెలిసింది బళ్లో కాదు, నాన్న పెట్టెలోని 12-13 పానా మీద. పన్నెండు దాన్ని మిగ్గెల్ అంటారని నాయనమ్మ నేర్పింది, 12 అని ఇలా రాస్తారని పానా నేర్పింది. రెండూ కలిపి పెట్టుకున్నది అదే. పానాలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పేర్చడం కూడా దానికి వచ్చు. ఆ పనికి బళ్లో రంగు రంగుల ప్లాస్టిక్ ముక్కల పెట్టె ఉంది. అది బీరువా పైన ఉంది, అట్ట ఇంకా విప్పలేదు.

వెల్డింగ్ రాడ్డు ఇంకా తమాషా. ఎనిమిది గేజ్ రాడ్డు లావు, పది గేజ్ దానికంటే సన్నం, పన్నెండు గేజ్ ఇంకా సన్నం. అంకె పెరిగితే వస్తువు తగ్గుతుంది. అంకె అంటే ఎప్పుడూ ఎక్కువని కాదని, దేన్ని కొలుస్తున్నామో చూసుకోవాలని ఒక ఆరేళ్ల పిల్లకు ఇంతకంటే బాగా ఎవరు చెబుతారు? ఇక టేపు. ఒక అంచున మిల్లీమీటర్లు పదుల్లో, ఇంకో అంచున అంగుళాలు. అడుగుకి పన్నెండు అంగుళాలు, అంగుళంలో సగం, పావు, అందులో సగం. ఉత్తరాది మేస్త్రీలు అంగుళంలో ఎనిమిదో వంతును సూతు అంటారు. షెడ్డులో రోజంతా మనుషులు పదుల నుంచి పన్నెండులకూ పన్నెండుల నుంచి ఎనిమిదులకూ దిగుతూ ఎక్కుతూ ఉంటారు. టీ కొట్లో అరటిపళ్లు డజను లెక్క. డజను అంటే మిగ్గెల్, డజనున్నర అంటే పన్నెండూ ఆరు. మా తమ్ముడికి ఆ మాట కొత్తగా నేర్చుకోవాల్సిన పని పడలేదు.

పన్నెండు మీద లెక్కను అడవి లెక్క అని నవ్వే పెద్దలకు ఒక చిన్న గుర్తుచేత. ఈ దేశం మొత్తం 1957 ఏప్రిల్ 1 దాకా రూపాయిని పదహారు అణాలు చేసుకుని బతికింది. అణాకు పన్నెండు పైలు. బేడ, పావలా, అర్ధరూపాయి అన్నీ ఆ సగాల లెక్కలే. ధాన్యం కొలతలూ అంతే. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ఇందులో పది ఎక్కడుంది? అప్పట్లో కరణాలనూ సాహుకార్లనూ లెక్క రానివాళ్లని ఎవరూ అనలేదు. వాళ్లకు లెక్క బాగా వచ్చుననే సంగతి మా కొండల్లో అందరికంటే మాకే ఎక్కువ తెలుసు. సంతలో మా పిప్పళ్లూ చింతపండూ వాళ్ల కొలతలోకి వెళ్లేటప్పుడు ఎప్పుడూ తక్కువే అయ్యేవి. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టిందే ఆ తూకాల బాధ మీద. ఫ్రెంచి వాళ్లు ఇవాళ్టికీ ఎనభైని నాలుగు ఇరవైలు అంటారు, తొంభై మూడుని నాలుగు ఇరవైల పదమూడు అంటారు. మా తొంభై మూడు నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. వాళ్ల పిల్లలకు పునాది లేదని ఎవరంటారు?

ఇక చదువుల పెద్దల వైపు వస్తాను. 2021 జూలైలో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. మూడో తరగతి దాటేలోగా ప్రతి పిల్లకూ చదవడం, లెక్కలు చేయడం రావాలి, 2026-27 నాటికి ఈ పని పూర్తి కావాలి. కోరిక మంచిదే. ఒకటో తరగతికి 99 దాకా చదవడం రాయడం, రెండో తరగతికి 999, మూడో తరగతికి 9999 అని మెట్లు పెట్టారు. చిక్కు ఏమిటంటే, పై నుంచి మెట్టు అంకెలో దిగితే గదిలో అది వల్లె వేయడం అవుతుంది. 99 దాకా రాయించడం తనిఖీకి చూపించవచ్చు. పదమూడు అంటే పదీ మూడు అని ఒక పిల్లకు ఎలా అర్థమైందో తనిఖీకి చూపించలేం. అందుకే గోడలన్నీ అంకెలతో నిండుతాయి, మూతలు సంచీలోనే ఉంటాయి. మాతృభాషలో మొదలుపెట్టాలని 2020 విద్యావిధానంలోనూ ఉంది. ఆ మాట కథలకూ పాటలకూ వర్తిస్తుందని అందరూ ఒప్పుకుంటారు. లెక్కలకు వర్తిస్తుందని ఎవరికీ తట్టదు. లెక్కలకు భాష లేదని, రెండూ రెండూ నాలుగు ఎక్కడైనా నాలుగేనని అంటారు. నాలుగు ఎక్కడైనా నాలుగే. పదమూడు మాత్రం ఒక్కో భాషలో ఒక్కో విధంగా కట్టిన ఇల్లు. తెలుగులో పది మీద మూడు. మాలో పన్నెండు మీద ఒకటి. హిందీలో తేరహ్, ఏ రెండు ముక్కలు కలిసి అయిందో పిల్లకు కనపడదు. ఇంగ్లిష్‌లో థర్టీన్, మూడు ముందొచ్చి పది వెనకొస్తుంది, పైగా థర్టీకి చెవిలో తేడా తెలియదు.

ఆటోనగర్ గదిలో ఈ నాలుగు పదమూళ్లూ ఒకే బెంచీమీద కూర్చుంటాయి. బీహార్, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు ఉన్నారు, ఉత్తరాంధ్ర పల్లెల వాళ్లున్నారు, మావాళ్లున్నారు. ఇక్కడ తెలుగు గురించి ఒక మంచిమాట చెప్పాలి. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ముప్పై మూడు అని పదులనూ ఒకట్లనూ విడదీసి వినిపించే భాష తెలుగు. పదుల లెక్క నేర్పడానికి ఇంత నిక్కచ్చి భాష దొరకడం అదృష్టం. కానీ మన రాష్ట్రంలో కొన్నేళ్లుగా నాలుగేళ్ల పిల్లకు ఎలెవెన్, ట్వెల్వ్ ముందు వచ్చేయాలన్న ఆత్రం పెరిగింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. గదిలో ఏ పేజీ చదువుతారో అందరికీ తెలుసు. పదకొండు అంటే పదీ ఒకటీ అని చెవికి తెలిసే మాట వదిలి ఏమీ తెలియని ఎలెవెన్‌తో మొదలుపెడుతున్నాం. నిజానికి ఆ ఎలెవెన్, ట్వెల్వ్ పాత ఇంగ్లిష్‌లో పది పోగా ఒకటి మిగిలింది, రెండు మిగిలాయి అనే మాటలు. ఇంగ్లిష్‌లోనూ పన్నెండు దాకా వేరే పేర్లు, పదమూడు నుంచి కలపడం. మా మిగ్గెల్‌కి ఆ ట్వెల్వ్ దూరపు చుట్టమే అని మా తమ్ముడితో అంటే వాడికి నవ్వు ఆగలేదు.

మా భాషల్లో చదువు అనే పని కొత్తది కాదు. గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్లు పెట్టారు. ఆయన రాసిన సవర భాషా మాన్యువల్ 1931లో, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. దండ వేసే వాళ్లలో ఎంతమందికి ఆ సవర బళ్లు గుర్తుకొస్తాయో చెప్పక్కర్లేదు. తర్వాత చాలా కాలానికి, 2004లో, ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది ఆదివాసీ భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టారు. సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా. తెలుగు లిపిలో పుస్తకాలు వచ్చాయి. ఒడిశాలో 2006లో పది భాషల్లో మొదలైంది, అందులోనూ సవర ఉంది. అక్కడి సవర ఊళ్లలో పిల్లలూ పెద్దలూ లెక్కలు ఎలా చేస్తారో మినతి పండా అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి చూసి రాశారు. ఆ పని విలువైనది. అయితే ఇదంతా కొండమీద. ఆ పుస్తకాలు సీతంపేట బస్సెక్కి పాలకొండ మీదుగా గాజువాకలో దిగలేదు. పిల్లలు దిగారు. ఏజెన్సీ అనే గీత దాటగానే మా భాషకు బళ్లో చోటు పోతుంది, పిల్ల మాత్రం అదే పిల్ల. కొండమీద అయినా మా వాళ్లే టీచర్లుగా ఉంటే మిగ్గెల్ అర్థమవుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అని 2000లో ఇచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఉద్యోగాల లెక్కగానే అందరూ ఆ తీర్పును చర్చించారు. ఒకటో తరగతిలో లెక్కల సంగతిగా ఎవరూ చర్చించలేదు, మనం కూడా.

మనం అన్నాను కాబట్టి మనవాళ్లనూ నాలుగు మాటలు అంటాను. ఆదివాసీ జ్ఞానం గొప్పది, మా లెక్క గొప్పది అని సభల్లో మాట్లాడటం మనకు అలవాటైంది. నేనూ మాట్లాడాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ చప్పట్లతో మా పిల్లకు ఒరిగేది లేదు. దానికి పదుల లెక్క రావాలి. నాన్న జీతం పదుల్లో వస్తుంది, పీఎఫ్ కోత పదుల్లో పడుతుంది, ఓటీ గంటలు కాంట్రాక్టరు పదుల్లో రాసుకుంటాడు. పదుల లెక్క రాని సవరవాడికి పాత సాహుకారి కుంచం కొత్త రూపంలో ఎదురవుతుంది. మా కువి, కొండ బంధువుల భాషల్లో కొన్ని అంకెలు దాటగానే ఒడియా, తెలుగు మాటలు ఎప్పుడో వచ్చి చేరాయి. వాళ్లను చూసి, లెక్క పోగొట్టుకున్నారు అని మనం చిన్నచూపు చూడటం కూడా సరికాదు. వాళ్ల పిల్లలకు ఎర్రగీత ఇంకో చోట పడుతుంది, అది వాళ్లే రాయాలి.

రెండు లెక్కలూ ఉంటే పిల్ల గందరగోళపడదా అని టీచర్ అడిగారు. న్యాయమైన ప్రశ్న. దీనికి బయటి ప్రపంచంలో దొరికిన జవాబు అంత తీయగా లేదు. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో కొబ్బరికాయలు అమ్మే పిల్లల మీద నూనెస్, కారహెర్, ష్లీమన్ అనే వాళ్లు చేసిన పరిశీలన 1985లో అచ్చయింది. బేరంలో నూటికి 98 సరిగ్గా చెప్పిన పిల్లలు అవే లెక్కలు కాగితం మీద వేసిస్తే 37 దగ్గర ఆగిపోయారు. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన ఇంకో పరిశోధన కలకత్తా, ఢిల్లీ బజార్ల పిల్లల్ని చూసింది. వాళ్లూ అంతే. పైగా బళ్లో చదివే పిల్లలు బజారు లెక్కలో అలాగే తడబడ్డారు. అంటే బయటి లెక్క బళ్లోకి తనంతట తాను నడిచి రాదు, బడి లెక్క బయటికీ పోదు. మధ్యన ఎవరో చెయ్యి పట్టుకుని దాటించాలి. దాటించాలంటే అవతలి ఒడ్డున ఏదో ఉందని ముందు ఒప్పుకోవాలి. గందరగోళం రెండు లెక్కలు ఉండటం వల్ల కాదు, ఒకటి ఉన్నట్టు ఎవరూ గుర్తించకపోవడం వల్ల.

ఆ రోజు బల్లమీద చేసింది చెబుతాను. పెద్ద పద్ధతేమీ కాదు. చీపురు పుల్లలు పదమూడు విరిచి ఇచ్చాం. పిల్ల తన లెక్కలో పన్నెండింటిని రబ్బరుబ్యాండుతో కట్టింది, ఒకటి బయట ఉంచింది. టీచర్ ఆ కట్ట విప్పి, రెండు పుల్లలు తీసి బయట ఉన్న ఒకటి పక్కన పెట్టి, మిగిలిన పదింటిని మళ్లీ కట్టారు. "ఎన్ని ఉన్నాయమ్మా?" అన్నారు. పిల్ల కాసేపు చూసి మిగ్గెల్‌బొయ్ అంది. "తెలుగులో?" అన్నారు. పదమూడు అంది. పుల్లలు ఎక్కడికీ పోలేదని, కట్ట మాత్రమే మారిందని దానికి తెలిసింది. ఆపైన పద్నాలుగు, పదిహేను తనే కట్టి విప్పింది. పద్దెనిమిది దగ్గర పన్నెండూ ఆరు కట్టి, రెండు తీసి, పదీ ఎనిమిది చేసి, "ఆరు ఎనిమిదయ్యింది" అని ఆశ్చర్యపోయింది. కూడిక, తీసివేత, స్థానం విలువ మూడూ ఆ కట్టలోనే ఉన్నాయి. అదే పని పక్కన కూర్చున్న తెలుగు పిల్లలకూ పెట్టాం. వాళ్లకు పన్నెండు కట్ట కొత్త, పది కట్ట పాత. పది కట్ట విప్పడం వాళ్లకు ఇష్టం లేకపోయింది. ఎందుకు విప్పాలో వాళ్లెప్పుడూ అడగలేదు. ఆ పూట మా పిల్ల వాళ్లకు చూపించింది. డజను అరటిపళ్లు అంటే చాలు, వాళ్లకూ తెలిసిపోయింది.

ఇది అరగంట పని. ప్రతిరోజూ ప్రతి టీచరుకూ ఒక సవర మనిషి వచ్చి కూర్చోడు, అది నాకూ తెలుసు. కానీ ఒక్క ప్రశ్న అడగడానికి ఎవరూ రానక్కర్లేదు. పిల్ల తప్పు రాసినప్పుడు, "ఇది ఎలా రాశావు, నోటితో చెప్పు" అని అడిగితే చాలు, ఏ భాషలో చెప్పినా. ఆ జవాబులో టీచరుకు అర్థం కాని మాట ఒకటి వస్తే అదేమిటని అమ్మనో నాన్ననో అడగవచ్చు. టీచర్ల శిక్షణలో ఈ ఒక్క అలవాటు నేర్పడానికి ఖర్చు లేదు. బీరువా మీది ప్లాస్టిక్ పెట్టెకు అయిన ఖర్చు కంటే తక్కువే.

వస్తుంటే గేటు దగ్గర మా తమ్ముడు అడిగాడు. "అన్నా, అమ్మతో సెప్పీమంటావా? ఫోన్‌లో ఇంక దానికి మన లెక్క సెప్పొద్దని." వాడు రాత్రంతా అదే ఆలోచించి ఉంటాడు. చెప్పొద్దన్నాను. నాయనమ్మ వచ్చినప్పుడు పుల్లల కట్ట ఆవిడ ముందు పెట్టమన్నాను. ఆవిడకూ పదికట్ట చూపించాల్సిందే కదా, పింఛను డబ్బులు లెక్కపెట్టుకోవడానికి.

నోటుపుస్తకం మళ్లీ తెరిచాను. ఎర్రగీత అలాగే ఉంది. 121 పక్కన టీచర్ పెన్సిల్‌తో చిన్నగా 12 + 1 అని రాశారు, దాని కింద 10 + 3, దాని కింద 13. మిగతా రెండింటికీ అలాగే రాయమని పిల్లకు ఖాళీ వదిలారు. పిల్ల రాసింది. వచ్చే ఏడు రెండో తరగతి, గదీ టీచరూ మారతారు. ఈ పేజీ ఒకటి జిరాక్స్ తీయించి కొత్త టీచరుకు ఇవ్వమని మా తమ్ముడికి చెప్పాను.